జోడుమిట్ట దారి

చీమకుర్తికి ఈవల, పాత క్వారీకి పోయే జోడుమిట్ట దారికి మంచి పేరు లేదు. చీకట్లో ఆ దారిన సైకిలు మీద పోతే వెనక నుంచి ఎవరో తోస్తారని చెప్పుకుంటారు. కనబడరు. మాట్లాడరు. వీపు మీద అరచెయ్యి ఆనించినట్టు... మెత్తగా తోస్తారు. అంతే.

బిందుమాధవికి ఆ సంగతి తెలియదు. ఆవిడ నరసరావుపేటలో కెమిస్ట్రీ లెక్చరరు. భర్త శశిభూషణ్‌తో కలిసి కొత్తపట్నం సముద్రం ఒడ్డున వారం రోజులు గడుపుదామని వచ్చింది. కారు వెనక సైకిలు కట్టించుకుని మరీ వచ్చింది. ఆదివారానికి గుంటూరు నుంచి ఆవిడ సైకిలు జట్టు, పదకొండు మంది ఆడవాళ్ళు, అక్కడికే వస్తున్నారు. తొక్కడానికి మంచి దారి, అందులో ఒక్క ఎక్కుడైనా ఉండే దారి, వెతికిపెట్టే పని ఈవిడ నెత్తిన పెట్టారు.

మూడు రోజులు తిరిగింది. తీరం రోడ్డు బల్లపరుపు, పైగా ఎదురుగాలి. హైవే మీద లారీ పక్కనుంచి దూసుకుపోతే సైకిలు ఊగిపోతోంది. కొండలు దూరంగా ఊరిస్తున్నాయి గానీ, వాటి దగ్గరికి పోయే ప్రతి రోడ్డు మీదా గ్రానైటు బండలేసుకున్న ట్రెయిలర్లే. రాత్రిళ్ళు నిద్రపట్టక ఫోన్లో మ్యాపు పెద్దది చేసి చూస్తూ దొర్లేది.

"సెలవులకొచ్చావా, పరీక్షకొచ్చావా?" అనేవాడు శశిభూషణ్ అటు తిరిగి పడుకుంటూ.

నాలుగో రాత్రి మ్యాపులో ఒక సన్నటి గీత దొరికింది. పాత క్వారీ రోడ్డు. క్వారీ మూతపడ్డాక లారీలు తిరగడం లేదు. తారు మాత్రం బాగానే ఉందట. ఇంక ఆగలేకపోయింది. మూడున్నరకే లైటు బిగించుకుని బయల్దేరింది.

ఒంగోలు దాటినా చలి తగ్గలేదు. కళ్ళాల్లో ఆరబోసిన మిరపకాయల ఘాటు చీకట్లో ముక్కుకి తగిలి రెండుసార్లు దగ్గొచ్చింది. జోడుమిట్ట మలుపు దగ్గర ఒక్క టీకొట్టు తెరిచుంది. కొట్టు జైతున్‌బీది.

"ఏడకమ్మా, ఈ చీకట్లో?" టీ అందిస్తూ అడిగింది జైతున్‌బీ.

"పాత క్వారీ దాకా వెళ్ళొస్తానండి."

జైతున్‌బీ గ్లాసు వదల్లేదు. గొంతు తగ్గించింది.

"తెల్లారేదాకా పోబాకమ్మా. ఆదాం తోస్తాడు."

"ఆదాం ఎవరు?"

"క్వారీలో పనిచేసేవాడు. పని దిగి ఇళ్ళకొచ్చేవాళ్ళు అలిసిపోయి ఉంటారు గదా... ఎనకమాల చెయ్యేసి సైకిళ్ళు తోసేవాడు. మంచోడు. ఆ రోడ్డు మీదనే లారీ కింద పడ్డాడు. పన్నెండేళ్ళయింది." గ్లాసు వదిలింది. "ఇంకా తోస్తానే ఉండాడు."

బిందుమాధవి నవ్వి టీ తాగేసి సైకిలెక్కింది. నవ్వు మలుపు దాకానే ఉంది.

మొదటి కిలోమీటరు మామూలుగానే సాగింది. తరవాత లైటు వెలుగులో రోడ్డు పైకి లేచింది. రెండు పక్కలా రాతి గుట్టలు... మధ్యలో ఎక్కుడు. వెతుకుతున్నది ఇదే! గేరు తగ్గించి, నడుం వంచి, బలంగా తొక్కబోయింది.

కాలికి బరువు తగల్లేదు.

ఇంకోసారి తొక్కింది. పెడలు గాల్లో తిరిగినట్టు తిరిగింది. తొక్కడం మానేసింది... సైకిలు ఆగలేదు. పైకే పోతోంది. ఇంకా వడిగా పోతోంది —

వీపు జల్లుమంది. తల తిప్పి చూడాలంటే మెడ తిరగడం లేదు. రెండు బ్రేకులూ నొక్కి కాలు కింద పెట్టింది. సైకిలు ఆగింది గానీ, చేతుల్లోంచి ముందుకి లాక్కుపోతోంది... మిట్ట మీదికి.

"ఎవరు?" అంది.

ముందు వైపు ఎక్కడో టార్చి వెలిగింది. ఆ వెలుగు మీదే చూపు పెట్టి, సైకిలు పట్టుకుని పరుగులాంటి నడకతో క్వారీ గేటు దాకా పోయింది. అక్కడ కాపలా ఉండే ముసలాయన మీరా హుస్సేన్ ఆవిణ్ణి చూసి స్టూలు జరిపాడు.

"భయపడ్డారా? అందరూ అంతే తల్లీ. ఇట్టా రండి."

నీళ్ళ సీసా తీసుకుని ఆవిణ్ణి మళ్ళీ రోడ్డు మీదికి తీసుకెళ్ళాడు. టార్చి కిందికి పట్టి నీళ్ళు ఒలకబోశాడు. నీళ్ళు పల్లానికి పోలేదు. మిట్ట మీదికి, గేటు వైపు, బిరబిరా పాకాయి.

"ఇది ఎక్కుడు కాదు. పల్లం. రాతి గుట్టలు రెండూ అట్టా వాలి ఉంటే కళ్ళు మోసపోతాయి. నీళ్ళు మోసపోవు గదా. ఆదామూ లేడు, దెయ్యమూ లేదు."

బిందుమాధవికి నవ్వాగలేదు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. ఇంత వింత దారి చూస్తే జట్టంతా ఎగిరి గంతేస్తుంది. అక్కడి నుంచే మ్యాపు గ్రూపులో పెట్టేసింది. తూరుపు తెల్లబడుతుండగా వెనక్కి తిరిగింది. ఈ మధ్య ఇంత హాయిగా సైకిలు తొక్కలేదనిపించింది.

తొమ్మిదింటికి ఇడ్లీలు తింటూ భర్తకి అంతా చెప్పింది.

"బాగుంది. అయితే వచ్చేటప్పుడు ప్రాణం మీదికొచ్చి ఉంటుందే!" అన్నాడు శశిభూషణ్.

"వచ్చేటప్పుడేముంది? దిగుడే కదా. కాళ్ళు ఆపేసి, చల్లగా జారుకుంటూ..."

చేతిలో ఇడ్లీ ముక్క అట్లాగే ఉండిపోయింది.

"వెళ్ళేటప్పుడు అది నిజంగా పల్లమైతే," అన్నాడతను నెమ్మదిగా, "వచ్చేటప్పుడు ఎక్కుడు కావాలి గదా, బిందూ?"

ఆవిడ ఫోను తీసింది. ఆ ఉదయం సైకిలు పోయిన దారంతా గీతలుగా అందులో ఉంది. క్వారీ గేటు నుంచి తిరుగు ప్రయాణం. ఎత్తు చూపే గీత పైకి లేచింది, దాదాపు కిలోమీటరు పొడవునా. ఆ కిలోమీటరు పొడవునా పెడలు తిరిగిన లెక్క, సున్నా. వేగం... గంటకి ఇరవై ఎనిమిది కిలోమీటర్లు.

"పెడలుకున్న సెన్సరు పాడైందేమో," అన్నాడతను.

"దానికి ముందూ సరిగ్గానే ఉంది. తరవాతా సరిగ్గానే ఉంది."

శశిభూషణ్ ఫోను తన వైపు తిప్పుకున్నాడు. గీత మధ్యలో ఒకచోట వేలు పెట్టాడు.

"ఇక్కడ వేగం తగ్గిందే?"

"బ్రేకు వేశాను," అంది బిందుమాధవి. "ఎందుకో... మరీ వడిగా పోతోందని."