మణెమ్మ చెప్పిన మొదటి సాక్ష్యం

"నీ భయం తీరడానికి నా కడుపే దొరికిందా అమ్మా?"

ఆ ఒక్క మాటా అని దీవెన ఫోను పెట్టేసింది. పొయ్యి మీద పులుసు అడుగంటుతున్నా మణెమ్మకు వాసన తెలియలేదు. కూతురు తనతో గట్టిగా మాట్లాడడం కొత్త కాదు. కానీ ఈసారి గొంతులో కోపం లేదు... అలసట ఉంది.

దీవెన తాడేపల్లిగూడెంలో కాపురముంటోంది. పెళ్లయ్యాక రెండుసార్లు కడుపు నిలవలేదు. మూడోసారి నెల తప్పినప్పుడు భర్త తర్వాత తల్లికొక్కదానికే చెప్పింది. "ఎవరికీ చెప్పకమ్మా. కాస్త నెలలు నిండాక అత్తయ్యగారికి మేమే చెప్పుకుంటాం" అంది. మణెమ్మ సరేనంది. నాలుగు రోజులు నోరు కట్టుకుంది కూడా. కానీ శుక్రవారం ఉపవాస కూడికలో పాస్టరమ్మగారు "ప్రార్థన మనవులు చెప్పండమ్మా" అనేసరికి ఆగలేకపోయింది. లేచి నిలబడి, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ, పోయిన రెండుసార్ల సంగతీ, ఇప్పటి సంగతీ, డాక్టరమ్మ అన్న మాటతో సహా ముప్పై మంది ఆడవాళ్ల మధ్య చెప్పేసింది. తాను దేవుడికి చెప్పుకుంటున్నాననే అనుకుంది పిచ్చితల్లి! ఆ ముప్పై మందిలో ఒకావిడ చెల్లెలిది తాడేపల్లిగూడెమే. ఆదివారం అక్కడి చర్చిలో ఎవరో దీవెన అత్తగారి చెయ్యి పట్టుకుని, "మీ కోడలి కోసం కన్నీళ్లతో ప్రార్థిస్తున్నామండీ" అన్నారట. కోడలికి రెండుసార్లు కడుపు పోయిందన్న సంగతి ఆవిడకు అప్పుడే తెలిసింది.

చేపల చెరువు పని నుంచి వచ్చిన వెంకట్రాజు అంతా విని, గుమ్మంలోనే కూలబడ్డాడు.

"దేవుడికేమన్నా చెవుడా మణీ? మెల్లగా చెబితే వినపడదా?"

"ఏవండీ, ఒకసారి గూడెం వెళ్లొద్దామండీ."

"వెళ్లి ఏం చేస్తావు? అక్కడా ఏడుస్తావు. పిల్లని కాస్త ఊపిరి పీల్చుకోనీ."

మణెమ్మ రోజూ పొద్దున్నే కూతురికి ఫోను చేసేది. మోగి మోగి ఆగిపోయేది. సాయంత్రం ఏలూరు బస్సు కొల్లేటి గట్టు మీద దుమ్ము లేపుకుంటూ వస్తుంటే చేతిలో పని వదిలేసి దిగేవాళ్ల వంక చూసేది. పసుపు చీర కనిపిస్తే చాలు, దీవెనేమో అనిపించేది... కాదని తెలిశాక, బిడ్డకేదో అయ్యే ఉంటుందనిపించేది.

రెండు నెలలైనా దీవెన ఫోను ఎత్తకపోయేసరికి, చివరికి పాస్టరమ్మగారి దగ్గరికెళ్లి ఏడ్చింది. ఆవిడ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ అంతా విన్నారు.

"తప్పు నాదీ ఉంది మణెమ్మా. ఆ రోజే నిన్ను ఆపాల్సింది. కానీ ఒకటి అడుగుతా చెప్పు. మన కూడికలో ముందు దేవుడు చేసిన మేళ్లు చెప్పుకునే సాక్ష్యాలు, తర్వాత మనవులు. పదేళ్లలో ఒక్కసారైనా సాక్ష్యానికి లేచావా?"

"నాకేం సాక్ష్యాలున్నాయండీ చెప్పుకోడానికి..."

"నువ్వు దేవుడి దగ్గరికి కిరాణా కొట్టుకి చీటీ పట్టుకెళ్లినట్టు వెళ్తావు. ఇక ఒక నెల ఏమీ అడక్కు. ఉన్నదానికి స్తోత్రం చెప్పు, చాలు."

"అడక్కపోతే బిడ్డకేమన్నా అయితేనండీ?"

"నువ్వు గుర్తుచేస్తేనే ఆయన కాస్తున్నాడా?"

మణెమ్మకు ఆ మాట నచ్చలేదు. అయినా మోకరించింది. మొదటి రోజు ఒక్క స్తోత్రమూ నోట రాలేదు, భయాలే వచ్చాయి. రెండో రోజు, మూడో రోజు కూడా అంతే. వారం గడిచాక కాబోలు, "నా బిడ్డ ఆ సంగతి నాకు చెప్పింది ప్రభువా, నన్ను తల్లిననుకునే చెప్పింది, స్తోత్రం" అంది. అనగానే లోపల ఏదో కోసినట్టయి చాలాసేపు ఏడ్చింది. అంత పెద్ద బహుమానం తన ఒడిలో పడితే ఒక్కసారైనా సంతోషపడలేదు! వణుకుతూ దాన్ని పదిమందిలోకి విసిరేసింది.

ఆ తర్వాత స్తోత్రం చెప్పాల్సినవి ఒక్కొక్కటిగా కనిపించసాగాయి. ఇన్నేళ్లూ చెరువుల మీద తిరిగి క్షేమంగా ఇంటికొచ్చే భర్త. నడిచే కాళ్లు. ఈ కాళ్లు ఎందుకిచ్చాడాయన అని ఆలోచిస్తుంటే, మూడిళ్ల అవతలి తులసి గుర్తొచ్చింది. ఆరో నెల. తల్లి లేదు. ఏలూరు ఆసుపత్రికి తీసుకెళ్లే దిక్కు లేక రెండు పరీక్షలు మానేసింది. మర్నాడే మణెమ్మ ఆ పిల్లను బస్సెక్కించింది. తిరిగొస్తుంటే తులసి ఆమె భుజం మీద తల వాల్చి, డాక్టరమ్మ చెప్పిన సంగతొకటి చెప్పింది. "మా ఆయనకి చెబుతాను. ఊళ్లో ఎవరికీ తెలియనివ్వకండి పిన్నిగారూ."

శుక్రవారం కూడికలో సాక్ష్యాలు మొదలయ్యాయి. మణెమ్మ లేచింది. ఆడవాళ్లందరూ కొంగులు సర్దుకున్నారు, ఈవిడ ఇక ఏడుస్తుందని.

"నాకు దేవుడు ఒక కూతురినిచ్చాడండీ. అది నన్ను నమ్మింది. ఇంకో బిడ్డకి తోడు వెళ్లే పని కూడా ఇచ్చాడు. అందుకు స్తోత్రం" అని కూర్చుంది.

మనవుల వంతు వచ్చింది. తులసి పేరు గొంతు దాకా వచ్చింది... మణెమ్మ మింగేసింది. ఇంటికెళ్లి తలుపు దగ్గరగా వేసుకుని, దేవుడికొక్కడికే చెప్పింది.

ఇంకో నెల గడిచాక, ఒక మధ్యాహ్నం ఫోను మోగింది. దీవెన. మణెమ్మ ఆ ఊపిరి చప్పుడే వింటూ నిలబడింది.

"అమ్మా... రేపు పెద్ద స్కానింగు. భయమేస్తోంది. ప్రార్థన చెయ్యవూ?"

మణెమ్మ వంటింట్లోనే మోకరించింది. అడగాలనుకున్నవి వంద ఉన్నాయి. అవేవీ ముందు రాలేదు. "ప్రభువా, ఈ అయిదు నెలలూ నా బిడ్డ ఒడి ఖాళీగా ఉంచనందుకు స్తోత్రం. దాని ధైర్యానికి స్తోత్రం. ఈ రోజు దాని గొంతు వినిపించినందుకు స్తోత్రం. రేపు ఏమొచ్చినా నువ్వు ముందుగానే అక్కడ ఉంటావు, అందుకూ స్తోత్రం."

అవతల ఏడుపు. తర్వాత చిన్నగా, "ఆమేన్."

"నీ మీద బెంగపెట్టుకున్నానే తల్లీ" అంది మణెమ్మ.

"నేనూనమ్మా... రేపు వస్తావా? నువ్వు పక్కనుంటే చాలు."

ఫోను పెట్టి కళ్లు తుడుచుకుంటుంటే వెంకట్రాజు లోపలికొచ్చాడు.

"ఎవరు, దీవెనేనా? ఏమంది?"

మణెమ్మ సంచిలో చీర సర్దుకుంటూ మొగుడి వంక చూసింది.

"అది దాని నోటితో చెబుతుందిలెండి. పొద్దున్నే గూడెం వెళ్లాలి, ఏలూరు మొదటి బస్సు ఎన్నింటికో కనుక్కోండి."