పొడి ఎక్కువైంది

"సూది మళ్ళీ మూసుకుపోయింది! ఇది ఎముక కోసం కలిపిన ముద్దా, గోడకు పూసే సున్నమా?"

ప్రింటర్ దగ్గర నుంచి ఇంజనీరు అరిచినా ఆమె తలెత్తలేదు. కాల్షియం పొడిని జెల్‌లో కలిపి, బతికున్న కణాలు చేర్చి ఇవ్వడం ఆ ల్యాబ్‌లో ఆమె పని. ఆ ముద్దను సన్నటి సూదిలోంచి పొరలు పొరలుగా దింపి ఎముక ముక్కలా అచ్చు వేయడం అతని పని. ఆమె చేతులకెప్పుడూ తెల్లపొడే కాబట్టి సుద్దముక్క అని పేరు పెట్టింది కూడా అతనే.

"పొడి తగ్గిస్తే ముక్క గట్టిగా ఉండదు. మీ సూది కోసం ఎముకని జావ చెయ్యమంటారా?"

"సుద్దముక్కగారూ, నా సూది మీద మీకేం పగండీ?"

"సూది మీద కాదు, మీ నోటి మీద!"

కీచులాడుకుంటూనే దగ్గరయ్యారు. వాన పడితే ఇద్దరిదీ ఒకే గొడుగు. అతను చేతికర్రతో కుంటుతూ నడిస్తే ఆమె తన నడక తగ్గించుకునేది. ప్రమాదంలో నుజ్జయిన అతని కాలి ఎముక ఎన్ని ఆపరేషన్లు చేసినా అతకలేదు. లోపల చీము పడుతూనే ఉంది.

ఆమె పొడి ఎందుకు పెంచుతోందో అతనికి తెలియక కాదు. ఆ ముక్క అతని బరువు మోయాలి. అదే ఆమె పిచ్చి.

ఒకరోజు బరువు పరీక్షలో ముక్క పగలలేదు. ఆమె ఎగిరి గంతేసింది. ఆ సంబరం మైక్రోస్కోపు దాకానే. రంగుమందు వేసి చూస్తే బతికిన కణాలు ఆకుపచ్చగా, చచ్చినవి ఎర్రగా కనిపిస్తాయి. చూస్తే అంతా ఎరుపే.

"పొడి ఎక్కువైంది. పాపం, వాటికి ఊపిరాడలేదు," అన్నాడతను మెల్లగా.

"మళ్ళీ కలుపుతా. ఒక్క ఏడాది ఆగు. ఆగుతావా?"

'మీరు' పోయి 'నువ్వు' వచ్చిందని ఇద్దరూ గమనించలేదు.

"ఇది మనిషి ఒంట్లోకి వెళ్ళడానికి ఏళ్ళు పడుతుంది. నా కాలు నెల కూడా ఆగదట. చీము పైకి పాకుతోంది. సోమవారం తీసేస్తున్నారు."

"నాతో ఒక్క మాటైనా చెప్పావా?"

"చెబితే ఏం చేసేదానివి? ఇంకో చెంచా పొడి వేసేదానివి."

ఆమె ఏడ్చేసింది. ఓదార్చబోయి అతనూ ఏడ్చాడు.

"విను. కాలితో పాటు తొడ దగ్గర బాగున్న ఎముక కొంచెం పోతుంది. మన ముద్దలో కలిపే కణాల కోసం దాన్ని ల్యాబ్‌కి ఇమ్మన్నాను. వెంటనే కణాలు తీయకపోతే అవీ చచ్చిపోతాయి. నువ్వే తియ్యాలి."

"నువ్వు కళ్ళు తెరిచేసరికి పక్కన నేనుండొద్దా?"

"ఆ ఒక్కరోజూ వద్దు. మిగతా రోజులన్నీ ఉంటావా? ఒంటికాలి మొగుణ్ణి చేసుకోమని అడగడానికి మొహం చెల్లక ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నాను."

"నువ్వా? నోరు మూసుకున్నావా?" ఏడుస్తూనే నవ్వింది. "ఉంటాను. చచ్చినట్టు ఉంటాను."

సోమవారం ఆపరేషన్ థియేటర్ తలుపు తెరుచుకుంది. ఆ ఎముక ఉన్న ఐసుపెట్టెను నర్సు తెస్తే అతని అమ్మ అందుకుంది. పక్కనున్న అమ్మాయి మాత్రం థియేటర్ తలుపు వైపే చూస్తూ నిలబడింది.

"వెళ్ళమ్మా, ఆలస్యమైపోతుంది."

"తను లేచి, కాలు లేదని చూసుకునేటప్పుడు నేను లేకపోతే ఎలా ఆంటీ?"

"నేనున్నాను కదా. పోయిందాన్ని నేను చూసుకుంటాను. ఉన్నదాన్ని నువ్వు చూసుకో." పెద్దావిడ కళ్ళు తుడుచుకుని పెట్టె ఆమె చేతుల్లో పెట్టింది. "కోడలేదమ్మా అని వాడడిగితే, నీ ప్రాణం చేత పట్టుకుని పరిగెత్తిందిరా అంటాను. వెళ్ళు తల్లీ."

పెట్టెను గుండెకు హత్తుకుని ఆమె మెట్లు దిగింది. దారంతా ఏడుస్తూనే ఉంది. ల్యాబ్‌కు చేరాక కళ్ళు తుడుచుకుంది, చేతులు శుభ్రంగా కడుక్కుంది, పెట్టె మూత తీసింది.