బావా అని పిలవని పొద్దు

చెరకు కొట్టే రోజులు. బోధన్ పక్క పల్లెలో రాజమల్లు పొద్దున్నే గడప ముందు కూర్చుని కత్తి నూరుకుంటున్నాడు. కోటగిరి నుంచి వచ్చిన ఎడ్లబండి ఇంటి ముందు ఆగింది. దిగింది లింబయ్య, చనిపోయిన కోడలు నర్సవ్వ తండ్రి.

"ఇప్పుడెందుకొచ్చిండు?" అంది భార్య సాయవ్వ గొంతు తగ్గించి. కొడుకు ఆశన్నకు మళ్లీ పెళ్లయి వారమే అయింది. కొత్తకోడలు గంగామణి వంటింట్లో ఉంది.

"ఎందుకేంది? బిడ్డ సామాను తీస్కపోనీకి" అన్నాడు రాజమల్లు.

ఒకప్పుడు ఈ వియ్యంకులిద్దరూ కలిస్తే వాడంతా చెవి ఒగ్గేది. ఎవరి చెరకు పొడుగన్న పంతంతో మొదలై, దాని కొసన కొంగ గూడు కట్టి పిల్లల్ని లేపిందనే దాకా పోయేది. పిల్లాజెల్లా లేకుండానే నర్సవ్వ జ్వరంతో పోయాక ఆ కొంగ కూడా ఎగిరిపోయింది.

సాయవ్వ ఇత్తడి బిందె, వెండి కడియాలు తెచ్చి అరుగు మీద పెట్టింది. రాజమల్లు తలెత్తకుండానే అన్నాడు.

"కూసో లింబయ్యా. అన్ని ఉన్నయో లేవో సూసుకో."

లింబయ్య కూర్చోలేదు. ఇన్నేళ్లలో ఆ నోట తన పేరు వినడం అదే మొదలు.

"బావా అనెటోనివి. ఇయ్యాల్ల లింబయ్యనైననా? బిడ్డను మట్టిల పెట్టిన. గా పిలుపును గూడ పెట్టుమంటవా?"

"కొత్త ఇయ్యంకుడు రేపొస్తుండు. ఆయన ముంగట నిన్ను గట్ల పిలిస్తే..." రాజమల్లు మళ్లీ కత్తి మీదికి వంగాడు.

లింబయ్య చంకలోని మూట విప్పాడు. అంచుకు పసుపు అద్దిన చీర.

"సామాను కోసం రాలే. నర్సవ్వ జాగల వచ్చిన పిల్లకు తల్లిగారింటి చీర పెట్టి రమ్మన్నది మా ఇంటిది. ఇగో, ఈడ పెడుతున్న. పోతున్న."

అతను బండివైపు తిరిగేసరికి గంగామణి తడిచేతులతోనే వచ్చి అడ్డం నిలబడింది.

"తల్లిగారి చీర అరుగు మీద పెట్టి పోతవా, బాపూ? చేతికియ్యి."

ముసలాయన వెనక్కొచ్చి చీర తీసి ఆమె చేతిలో పెట్టాడు. అందుకుని ఆమె అతని కాళ్లకు మొక్కింది.

"నేను నీ బిడ్డనైతే మా నాయిన నీకేమైతడు?"

లింబయ్య ఆమెను లేవనెత్తాడు. "మీ నాయిన నాకన్న చిన్నోడే ఉంటడు గదా... తమ్ముడైతడు."

రాజమల్లు కత్తి వదిలేసి లేచాడు. బిందె తానే ఎత్తి సాయవ్వ చేతికిచ్చి, "లోపట పెట్టు, గిది మన బిడ్డది" అన్నాడు. వచ్చి లింబయ్య భుజం పట్టుకున్నాడు. కళ్లు తుడుచుకోకుండానే, "నీ ఒక్కనితోనే మాటల్ల గెలువకపోతి. ఇగ అన్నదమ్ములిద్దరొక్కటైతే నా గతేంగాను, బావా!" అన్నాడు.

లింబయ్య నవ్వబోయాడు. నవ్వలేక, వియ్యంకుడి భుజం మీద తల పెట్టి, బిడ్డను పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చాడు. ఆమె పోయిన నాడు కూడా అతను అంత గట్టిగా ఏడవలేదు.