సోడాబుడ్డి కళ్ళద్దాలు

"లెన్సులు తీసి ఎన్నాళ్ళయింది?"

"రెండు వారాలు."

"నిజం చెప్పండి."

"రెండు వారాలేనండీ."

గడ్డం మెషీన్ మీద ఆనించి, నుదురు పట్టీకి అదిమిపెట్టి కూర్చున్నప్పుడు అబద్ధమాడటం మహా కష్టం. అవతలివైపు నుంచి, ఈ కళ్ళ క్లినిక్‌లో చూపు పరీక్షలు చేసే ఆమె, నా కంట్లోకే చూస్తోంది. కాసేపటికి లైటు ఆపి, స్క్రీన్ నా వైపు తిప్పింది. నా కార్నియా, అదే, నల్లగుడ్డు మీద ఉండే అద్దంలాంటి పొర, రంగురంగుల పటంలా కనిపించింది.

"ఈ వంకర చూశారా? ఇది మీ కంటిది కాదు. కాంటాక్ట్ లెన్స్ నొక్కిన నొక్కు. పొద్దున్నే తీశారు కదూ?"

"బస్సు దిగాక," అన్నాను.

"ఈ కొలతలతో కళ్ళజోడు తీసేసే ఆపరేషన్ చేస్తే, లేజర్ లేని వంకరని సరిచేస్తుంది. రెండు వారాలు లెన్సులు ముట్టుకోకండి. కళ్ళజోడు పెట్టుకుని తిరగండి. అప్పుడు రండి."

"నాకంత టైం లేదు మేడమ్."

"ఆ టైం అడుగుతున్నది మీ కన్నేనండీ, నేను కాదు."

ఒళ్ళు మండింది. జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుంటే గానీ తలుపెక్కడుందో తెలియని స్థితి. పెట్టుకున్నాక ఆమె మొహం స్పష్టంగా కనపడింది. ఆమెకీ కళ్ళజోడుంది.

"ఇంతమందికి కళ్ళజోడు తీయిస్తూ మీరే పెట్టుకున్నారేంటి?"

"బయట తర్వాతి పేషెంటు ఉంటారు, లోపలికి పంపించండి," అంది.

నా తొందర నాది. నేను లిఫ్ట్ మెకానిక్‌ని. ఒకసారి పొగ కమ్మిన బిల్డింగులో, లిఫ్టులో ఇద్దరు ఇరుక్కుపోయారు. ఆ తలుపు ఎలా తెరవాలో అక్కడ తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. కానీ కళ్ళజోడు మీద మాస్కు బిగుసుకోదు. పొగలో కాంటాక్ట్ లెన్సులు అసలే పనికిరావు. చేసేది లేక బయట నిలబడి, లోపలికెళ్ళిన ఫైర్‌మన్‌కి గొంతు చించుకుని చెప్పాను. ఇద్దరూ బతికారు. నేనే లోపలికి వెళ్ళాల్సిందన్న బాధ మాత్రం నన్ను వదల్లేదు. ఫైర్ సర్వీస్‌లో చేరి తీరాలనుకున్నాను. ఈసారి ఎంపికకి వెళ్ళకపోతే వయసు దాటిపోతుంది. కళ్ళజోడు లేని చూపు ఉంటేనే తీసుకుంటారు.

ఇంటికెళ్ళి సంగతంతా చెబితే మా అక్క పడీ పడీ నవ్వింది. "చాలాకాలానికి మళ్ళీ మా సోడాబుడ్డి దర్శనమిచ్చాడు."

బడిలో నా పేరు అదే. అద్దాలు సోడాసీసా అడుగంత మందం మరి. మొదటి జీతంతో లెన్సులు కొన్నప్పటి నుంచి ఆ మొహం బయటివాళ్ళకి చూపించలేదు. ఇప్పుడు పనిలోకీ అదే మొహం వేసుకుని వెళ్ళాను.

వారం గడిచాక ఆమె ఫోన్ చేసింది. "ఎన్ని రకాల ఆపరేషన్లున్నాయో మీకు వివరంగా చెప్పాలి. స్కానింగ్ ఏమీ ఉండదు, మాట్లాడుకోవడమే. రేపు రండి."

స్కానింగ్ ఉండదన్న ముక్క ఒక్కటే నా చెవికెక్కింది. పొద్దున్నే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, లెన్సులు పెట్టుకుని బయల్దేరాను.

"మూడు పద్ధతులున్నాయి," అని కంటి బొమ్మ ముందుకు జరిపింది. "మొదటిది లాసిక్. కార్నియా మీద పల్చటి మూతలా కోసి, ఎత్తి, లోపల లేజర్‌తో సరిచేసి, మళ్ళీ మూత వేస్తారు. మర్నాటికల్లా చూపు వస్తుంది."

"మా కంట్రోల్ ప్యానెల్ రిపేరులాగే ఉందండీ. మూత తీయడం, పని చూసుకోవడం, మూసేయడం."

"అదే. కానీ ఆ మూతకి స్క్రూలుండవు. మొహానికి గట్టి దెబ్బ తగిలితే జరిగే ప్రమాదం ఉంటుంది. మీరు చేరబోయేది ఫైర్ సర్వీస్."

"రెండోది?"

"స్మైల్. మూత ఉండదు. లోపలే లేజర్‌తో సన్నటి పొర కోసి, పక్కన చిన్న గాటు పెట్టి, అందులోంచి లాగేస్తారు. నాలుగు రోజుల్లో కుదురుకుంటుంది. మూడోది పీఆర్‌కే. కోయడమేమీ లేదు. పైనున్న మెత్తటి పొరని తుడిచేసి, ఆ పైనే లేజర్ పెడతారు. పొర మళ్ళీ అదే పెరుగుతుంది. జరగడానికి మూత లేదు. కానీ మొదటి రోజులు బాగా నొప్పి, చూపు నిలకడగా రావడానికి నెలలు పడుతుంది."

"అయితే రెండోదే ఖాయం చేసేయండి," అని ఉషారుగా ముందుకు వంగాను.

అంత దగ్గర్నుంచి నా కంట్లో లెన్స్ అంచు ఆమెకి కనపడింది. "మీ కళ్ళజోడేది?"

నేను కంటి బొమ్మ వైపు చూపు తిప్పేశాను.

"ఎందుకు పెట్టుకున్నారు లెన్సులు?"

"ఇక్కడికి వస్తున్నాను కదా అని..."

"ఇక్కడికి పెట్టుకుని రాకూడదనేగా నేను మొత్తుకున్నది."

"ఇక్కడ మీరుంటారు కదా అని."

ఆమె కంటి బొమ్మని తీసి బల్ల సొరుగులో పెట్టింది. మళ్ళీ బయటికి తీసింది. చెవులు ఎర్రబడ్డాయి. గొంతు మాత్రం మెత్తబడలేదు.

"మళ్ళీ మొదటినుంచి రెండు వారాలు. మీ సెలక్షన్ టెస్టుకి ఉన్న టైంలోంచి మీరే ఒక వారం కోసేసుకున్నారు."

మొదటికే మోసం తెచ్చుకున్నాను. అక్కకి చెబితే ఈసారి నవ్వలేదు. "కళ్ళు చూడటమే ఉద్యోగమైన అమ్మాయి ముందు కళ్ళు దాచిపెట్టి మొహం చూపిద్దామనుకున్నావా? నీ కళ్ళు నెత్తికెక్కాయిరా."

ఆ పూటే లెన్సులు డబ్బాతో సహా చెత్తబుట్టలో పడేశాను. రెండు వారాలూ పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా సోడాబుడ్డినే. ఈసారి స్కాన్‌లో వంకర లేదు. కానీ కార్నియా మందం తక్కువని తేలింది.

"లాసిక్ వద్దు, స్మైల్ కూడా వద్దన్నారు డాక్టరుగారు. కోసి తీశాక మిగిలేది చాలదు. మీకు పైపొర మీద చేసేదొక్కటే," అంది ఆమె.

"నెలలు పడుతుందన్నారుగా. టెస్టు నాటికి రాకపోతే?"

"రాకపోవచ్చు కూడా. మీకు అబద్ధం చెప్పను."

"మూత పద్ధతి చేసేవాళ్ళు ఇంకెక్కడైనా ఉంటే?"

"ఉండొచ్చు. ఈ టెస్టు నెగ్గుతారు. తర్వాత కార్నియా బలం తగ్గి ముందుకు ఉబ్బితే కళ్ళజోడు పెట్టినా చూపు సరిగ్గా ఆనదు." తన కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకుంది. "నావి అలా ఉబ్బే రకం కళ్ళు. ఏ లేజరూ ముట్టుకోకూడదు. విమానం నడపాలనుకున్నాను నేను. వద్దని చెప్పినావిడ మీద ఆ రోజు మీకంటే ఎక్కువ కోపం వచ్చింది. ఇప్పుడు ఆవిడ దగ్గరే పని చేస్తున్నాను."

నా కోపం ఎటు పోయిందో తెలియదు.

"పైపొరదే చేయించుకుంటాను. తాడో పేడో టెస్టులోనే తేలుతుంది," అన్నాను. "ఇంకో సంగతి..."

"అడక్కండి. మీరు నా పేషెంటు. పేషెంటుకి ఆ జవాబు చెప్పను."

"నేనింకా ఏమీ అడగలేదండీ."

"అడగాలా ఏంటి, మీ కళ్ళు చూస్తూనే ఉన్నాగా."

ఆపరేషన్‌కి వెళ్తూ కళ్ళజోడు తీసి ఆమె చేతిలో పెట్టాను. "వీటి పీడ విరగడైంది. పారేయండి."

లేజర్ పని నిమిషాల్లో అయిపోయింది. పొర మానేదాకా కంటికి కట్టులా ఒక మెత్తటి లెన్స్ పెట్టారు. "ఇప్పుడు లెన్స్ పెట్టుకోవచ్చు, తీశారో ఊరుకోను," అంది. నవ్వుదామనుకున్నాను, అంతలో కంట్లో వేసిన మత్తుమందు దిగింది. కళ్ళలో కారం కొట్టినట్టు మంట. చీకటి గదిలో పడుకుంటే అక్క చుక్కల మందు వేసేది. అసలే ఒక వారం నా చేతులారా పోగొట్టుకున్నాను. ఇక మందు ఒక్క పూట తప్పలేదు, నల్లద్దాలు లేకుండా ఎండలోకి వెళ్ళలేదు.

వారాలు గడిచాయి. గోడ మీది అక్షరాల్లో ఒక్కో వరుసా నాకు లొంగుతూ వచ్చింది, ఆఖరి వరుస తప్ప. టెస్టుకి ముందు వెళ్ళినప్పుడూ అది అలికినట్టే ఉంది.

"మళ్ళీ చదవండి," అంది.

"కనపడటం లేదు."

"ఊహించి చెప్పకపోవడం నేర్చుకున్నారు, మంచిదే. చూపు ఇంకా మెరుగవుతూనే ఉంది. మందు ఆపకండి." అని స్విచ్ ఆపింది. చీకట్లోనే మెల్లిగా అంది, "నెగ్గాలి మీరు."

టెస్టు రోజు నా వంతు వచ్చింది. ఆఖరి వరుస మొదటి అక్షరం దగ్గర ఆగాను. రెప్ప కొట్టాను. మళ్ళీ చూశాను. ఊహించలేదు, చదివాను. చివరిదాకా చదివాను.

అక్కడి నుంచి తిన్నగా క్లినిక్‌కి వెళ్ళాను. ఆమె గదిలో ఎవరూ లేరు.

"పాసయ్యాను."

కుర్చీలోంచి లేచింది. ఏదో అనబోయి, కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుంది. "మీ ఫైలు పొద్దున్నే డాక్టరుగారికి ఇచ్చేశాను. ఇకనుంచి చెకప్‌లన్నీ ఆవిడే చూస్తారు."

"పొద్దున్నేనా? నేను ఫెయిలై ఉంటే?"

"ఫెయిలైనా ఇచ్చేసేదాన్నే."

అంటే పొద్దుటి నుంచీ నేను ఆమె పేషెంటుని కాను. ఆమె సొరుగు లాగింది. కంటి బొమ్మ పక్కన నా సోడాబుడ్డి కళ్ళజోడు, శుభ్రంగా తుడిచి ఉంది.

"పెట్టుకో," అంది. ఆమె నన్ను నువ్వు అనడం అదే మొదలు.

"దీంతో ఇప్పుడు నాకేం కనపడదు."

"నాకు కనపడాలి. మొదటి రోజు తలుపు కనపడక కోపంగా ఈ కళ్ళజోడు పెట్టుకున్నావే, అప్పుడే నచ్చావు. లెన్సులు పెట్టుకొచ్చిన రోజు ఎవరో పరాయివాడిలా ఉన్నావు."

పెట్టుకున్నాను. గదంతా చెదిరిపోయింది, ఆమె కూడా. నా కళ్ళజోడు వైపు కాసేపు చూసి, నవ్వి, తన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"ఇప్పుడు ఇద్దరికీ సమానం. నాకూ నువ్వు కనపడటం లేదు."

"మరి నా జవాబు?"

"దగ్గరికి రా, చెబుతాను."

దగ్గరికి వెళ్ళాను. ఆమె చెప్పిన మాట నేను ఒక్కసారికే విన్నది ఆ రోజే.