గోదాములో గొంతులు

కాఫీ తోటల మధ్య, కొండదారి మలుపులో ఒక పాత గోదాము ఉంది. ఒకప్పుడు అందులో ఎండిన గింజలు బస్తాలకెత్తేవారట. ఇప్పుడు పైరేకులు సగం లేచిపోయాయి, తలుపుకి గడియ కూడా లేదు. పొద్దు వాలాక కూలీలు ఆ దారి తొక్కరు. కాళ్ళు పీకినా సరే, కొండంతా చుట్టి ఇంకో దారిన పోతారు. దానికున్న పేరు అలాంటిది.

అక్కడ ఒక పళ్ళ డాక్టరుకి జరిగిందని చెప్పుకునే సంగతి ఇది.

ముగ్గురు స్నేహితులు ఆ కొండలు చూడ్డానికి వచ్చారు. చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ళు. ఒకడు డాక్టరు, ఒకడికి బట్టల కొట్టు, మూడోవాడు మెకానిక్కు. కారు మెకానిక్కుదే.

డాక్టరుకి పొద్దున్నుంచీ ఒళ్ళు మండిపోతోంది. బట్టల కొట్టువాడు కనిపించిన ప్రతి చెట్టునీ కౌగిలించుకుని ఫొటో దిగుతున్నాడు. మెకానిక్కు ఎర్రటి కాఫీ పండు కోసి కొరికి, "ఇందులో కాఫీ రుచే లేదేంట్రా" అన్నాడు. తోట చూపిస్తున్నవాడు నవ్వు ఆపుకోలేక పక్కకి తిరిగాడు. డాక్టరుకి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

'వీళ్ళతోనా నేను తిరిగేది' అనుకున్నాడు. కారెక్కి, కిటికీ వైపు మొహం తిప్పుకుని కూర్చున్నాడు.

బస చేసిన ఇంటి వాచ్‌మన్ పొద్దున బయల్దేరేటప్పుడే చెప్పాడు.

"చీకటి పడకముందే వచ్చెయ్యండి సార్. గోదాము దగ్గర ఆగకండి. లోపల ఎవరో మాట్లాడుకుంటారు... నిలబడి వినకండి."

"దెయ్యాలకి పళ్ళు పుచ్చితే నా దగ్గరికి పంపు" అన్నాడు డాక్టరు. వాచ్‌మన్ నవ్వలేదు.

చూడవలసినవన్నీ చూసి తిరిగొస్తుంటే చీకటి పడింది. సరిగ్గా ఆ మలుపులోనే టైరు పంక్చరైంది. పొగమంచు కాఫీ పొదల్లోంచి మెల్లగా రోడ్డు మీదికి పాకుతోంది. మెకానిక్కు జాకీ తీశాడు. బట్టల కొట్టువాడు టార్చి పట్టుకున్నాడు. వాడి చూపంతా గోదాము వైపే ఉంది. వెలుగు టైరు మీద తప్ప అన్నిచోట్లా పడుతోంది.

డాక్టరుకి అసహ్యం వేసింది. "మీరిద్దరూ ఇక్కడే బిక్కచచ్చి కూర్చోండి. బస ఈ మలుపు దాటితే వచ్చేస్తుంది. నేను నడిచి పోతాను."

"వద్దురా, కాసేపాగు..." అన్నాడు మెకానిక్కు, బోల్టు తిప్పుతూనే.

డాక్టరు ఆగలేదు.

గోదాము ముందుకి వచ్చాడు. తలుపు ఓరగా ఉంది. లోపల చీకటి... ఆ చీకట్లో ఎవరో గుసగుసగా—

"వాణ్ని పిలవకపోతే పోలా? దారి పొడుగునా ముక్కు చిట్లించుకుని కూర్చుంటాడు."

బట్టల కొట్టువాడి గొంతు.

"పోనీలేరా. మనం కూడా పిలవకపోతే వాణ్ని పిలిచేవాడెవడు? మనం తప్ప వాడికెవరున్నారు చెప్పు."

మెకానిక్కు గొంతు.

డాక్టరు చెవులు వేడెక్కిపోయాయి. తిట్టినందుకు కాదు, జాలిపడినందుకు. ఈ మసిగుడ్డ వెధవకి తన మీద జాలా? అడ్డదారిన ముందే వచ్చి, లోపల నక్కి తనని ఆట పట్టిస్తున్నారన్నమాట. తలుపుని ఒక్క తన్ను తన్నాడు. ఫోను లైటు వేశాడు.

లోపల ఎవరూ లేరు. నేల మీద దుమ్ము... దుమ్ములో ఒక్క అడుగు గుర్తు కూడా లేదు.

ఒళ్ళు ఝల్లుమంది. అయినా కోపమే గెలిచింది. విసవిసా వెనక్కి నడిచాడు. బట్టల కొట్టువాడు టార్చి పట్టుకుని అక్కడే ఉన్నాడు. మెకానిక్కు చక్రం బిగించి లేస్తున్నాడు, మోచేతుల దాకా గ్రీజు.

"నామీద జాలిపడేంతటివాళ్ళయ్యారా మీరు?" అని, తను విన్నవన్నీ మాట పొల్లుపోకుండా అప్పజెప్పాడు.

ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. బట్టల కొట్టువాడి పెదవులు తెల్లబడ్డాయి.

"అన్నాంరా" అన్నాడు చివరికి, చాలా నెమ్మదిగా. "కానీ ఇక్కడ కాదు... బయల్దేరే ముందురోజు, మా కొట్లో. షట్టర్ దించుకుని. అక్కడ ఇంకెవరూ లేరు."

పొగమంచులోంచి గోదాము తలుపు కిర్రుమన్న చప్పుడు వచ్చింది. ఆ వెనకే ఒక గొంతు. ఈసారి గుసగుస కాదు. తీరుబడిగా, స్పష్టంగా, కాస్త నవ్వుతూ—

డాక్టరు గొంతు.

"ఏం చెయ్యమంటావక్కా, నాన్న ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ వాడే రాత్రిళ్ళు కాపలా పడుకున్నాడు. ఆ మొహమాటానికి మోస్తున్నాను. లేకపోతే ఆ గ్రీజు మొహానికి నాతో స్నేహమేంటి? వాడు పక్కన కూర్చుంటే చొక్కా ఉతకడానికి వెయ్యాల్సిందే."

తను అక్కతో ఫోనులో అన్న మాట. గది తలుపు వేసుకుని అన్న మాట.

"అది నేను కాదురా..." అన్నాడు డాక్టరు. ఎవరికీ వినిపించలేదు. లోపలి గొంతు ఇంకా మాట్లాడుతూనే ఉంది.

మెకానిక్కు కదలకుండా నిలబడి చివరిదాకా విన్నాడు. జేబులోంచి గుడ్డ తీసి చేతులు తుడుచుకున్నాడు, ఒక్కో వేలూ. తర్వాత ముందు సీటు మీద తన తువ్వాలు శుభ్రంగా పరిచి, తలుపు తీసి పట్టుకున్నాడు.

"ఎక్కండి డాక్టరు గారూ" అన్నాడు. "మిమ్మల్ని దింపేస్తాను."