కుంటలో హద్దురాళ్లు

"ఇక్కడ నీళ్లు నిలవయి సార్," అన్నాడు బాలకృష్ణ.

అతని వెనకాలే గోదురు కప్పలు గుంపుగా బెకబెకమన్నాయి.

తొలి వానలు పడిన జూన్ నెల. ఎల్బీ నగర్ చౌరస్తా దాటి లోపలికి వెళితే, మొన్నటిదాకా జొన్న పండిన చేలో ఇప్పుడు సున్నపు గీతలు, హద్దురాళ్లు. జంగయ్య తన భూమిని ప్లాట్లు చేశాడు. డిగ్రీ చదివిన కొడుకు బాలకృష్ణను వాటిని చూపించే పనిలో పెట్టాడు. ఆ కొడుక్కు అబద్ధమాడటం ఇంకా సరిగ్గా రాలేదు.

ప్లాటు చూడవచ్చిన సాంబమూర్తి గుంటూరు నుంచి బదిలీ మీద వచ్చిన గుమాస్తా. గొడుగు కింద నిలబడి మర్యాదగా తల ఊపాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెప్పే ఆయన కూతురు సూర్యప్రభ మాత్రం ఊపలేదు.

"నీళ్లు నిలవకపోతే వీటికిక్కడ ఏం పనండీ?"

"నిన్న వాన పడ్డది గదా మేడం. ఎండ కొడితే ఆరిపోతది. అవీ పోతయి."

"ఎక్కడికి? బస్సెక్కి గడ్డిఅన్నారం పళ్ల మార్కెట్టుకు వెళ్లి మామిడిపళ్లు తింటాయా?"

సాంబమూర్తి దగ్గాడు. ఆమె ఆగలేదు.

"మగవాటిని చూడండి, ఒళ్లంతా పసుపు రంగు. జత కోసం పిలుస్తున్నాయి. పిల్లలకు కాళ్లొచ్చేదాకా నీళ్లుండే చోటు కాకపోతే ఇన్ని చేరవు. ఇది కుంట. మీరు మాకు కుంట అమ్ముతున్నారు."

బాలకృష్ణ కప్పల వైపు, తన హద్దురాళ్ల వైపు చూశాడు. దొరికిపోయినవాడి ముఖం చూసి ఆమె ఫక్కున నవ్వింది. ఆ నవ్వుతో బేరం పోయింది. బాలకృష్ణ మనసూ పోయింది.

తర్వాతి వారం అతనికి దిల్‌సుఖ్‌నగర్ బస్‌స్టాపులో చాలా పనులు పడ్డాయి. అన్నీ బడి వదిలే వేళకే.

"మళ్లీ మీరేనా?" అందామె, వానకు మందుల షాపు చూరు కింద నిలబడి.

"బస్సు కోసం."

"ఇప్పుడే రెండు పోయాయి."

"ఖాళీ లేవు."

"ఒకటి డ్రైవరు, కండక్టరు తప్ప మనిషి లేకుండా పోయింది." చూరు నీళ్లకు చెయ్యి పట్టి అడిగింది. "కుంట పూడ్చేస్తారా?"

"నాయిన మట్టి లారీలు మాట్లాడిండు."

"పూడ్చినా అవి వచ్చేది అక్కడికే. పుట్టిన నీళ్లు వెతుక్కుంటూ ఎవరి వంటింట్లోకో వస్తాయి. ఆ ఇల్లు కట్టుకున్నవాళ్లు చీపుళ్లతో కొడతారు. అమ్మిన మనిషి మాత్రం హాయిగా నిద్రపోతాడు."

ఆమె బస్సెక్కి వెళ్లిపోయింది. అతను బస్సు సంగతే మరిచి నిలబడ్డాడు.

జంగయ్యకు కప్పలంటే పగేమీ లేదు. ఆదివారం షామియానా వేసి అమ్మకం పెట్టాడు. గిరాకుల ముందు అవి అరవకూడదు, అంతే. అందుకని శనివారం కప్పలు పట్టే సైదులును పిలిపించాడు. కప్ప కాళ్లను ఓడల్లో విదేశాలకు పంపడం సర్కారు ఇంకా ఆపని రోజులవి. సైదులు వాటిని పట్టి, కాళ్లు ఎగుమతి చేసే సేటుకు వేస్తాడు. కాళ్లు ఓడెక్కుతాయి, మిగతాది చెత్తకుప్పలో పడుతుంది.

మధ్యాహ్నానికి గోనెసంచి నిండింది. సద్ది తెచ్చిన బాలకృష్ణ తల్లి అనంతమ్మ, కదులుతున్న సంచిని చూసి ఆగింది.

"ఏందిరా ఇది?" అని పక్కనే నిలబడ్డ కొడుకును అడిగింది.

"కప్పలమ్మా. నాయిన పట్టమన్నడు."

"వాన రాకపోతే కప్పతల్లి అని రోకలికి కట్టి, యాపమండలు జుట్టి ఇల్లిల్లు తిప్పినం. ఇంటింటోళ్లు బిందెడు నీళ్లు బోసి మొక్కిన్రు. వాన అడిగేటప్పుడు తల్లి, పడ్డంక సంచిల సరుకా?"

"నేను గాదమ్మా, నాయిన..."

"మీ నాయిన చెప్పిండు. నువ్వు చూసుకుంట నిలబడ్డవ్."

బాలకృష్ణ వెళ్లి సంచి మూతి విప్పి కుంటలో బోర్లించాడు. నీళ్లు ఎగిరిపడ్డాయి.

"అన్నా, మా సేటుకు ఏం జెప్పాలె?" అని తల గోక్కున్నాడు సైదులు.

"కప్పలకు ఇష్టం లేదని చెప్పు."

ఆ సాయంత్రమే బాలకృష్ణ సాంబమూర్తి ఇంటికి వెళ్లాడు. "రేపు రండి సార్. ప్లాటు కొనకున్నా మంచిదే, ఒకసారి చూడున్రి," అన్నాడు. చెప్పింది తండ్రికి, చూసింది కూతురి వైపు.

ఆదివారం సన్నటి తుంపర. షామియానా కింద కుర్చీలన్నీ నిండాయి. జంగయ్య కండువా సర్దుకుని లేచేసరికి గడ్డపార చప్పుడు వినిపించింది. కొడుకు మోకాలి లోతు బురదలో నిలబడి హద్దురాళ్లు పెళ్లగిస్తున్నాడు.

"ఏం జేస్తున్నవ్‌రా?"

"పార్కు మారుస్తున్న నాయినా. సర్కారు రూలు ప్రకారం ఎట్లయినా పార్కుకు జాగ ఇడవాలె గదా. నువ్వు బండరాళ్ల మీద ఇడిసినవ్, ఆడికి మేకలు గూడ ఎక్కవు. ఆ బండ పగలగొట్టి ప్లాట్లు చేద్దాం. ఈ కుంట పార్కు." తర్వాత షామియానా వైపు తిరిగాడు. "ఇక్కడ నీళ్లు నిలుస్తయి. నిలవయని మొన్నటిదాంక చెప్పిన. అబద్ధం."

కప్పలు అవునవునన్నాయి. జంగయ్య చెయ్యి లేచింది.

"జంగయ్య గారూ," సాంబమూర్తి అడ్డం వచ్చాడు. "లోపం చెప్పి స్థలం అమ్మేవాణ్ణి నేనింతవరకు చూడలేదు. కుంటకు ఎగువన ఉన్న ప్లాటు నాకు రాయండి."

ఆయన వెనక ఇంకొకరు లేచారు. ఆ వెనక వరుసే కట్టారు. కొడుకును కొట్టడానికి లేపిన చేత్తోనే జంగయ్య బయానాలు అందుకున్నాడు.

సూర్యప్రభ చెప్పులు వదిలి బురదలోకి దిగింది.

"మా నాన్న ప్లాటు కొన్నారు. నేనందులో ఎన్నాళ్లుంటానని?"

"ఎందుకుండరు?"

"పెళ్లయితే వెళ్లిపోవద్దూ?"

బాలకృష్ణ ఏదో గొణిగాడు.

"వినపడట్లేదు. కప్పలే నయం."

"నన్ను చేసుకుంటరా?" ఈసారి షామియానా అంతా విన్నది.

"చేసుకుంటాను," అంది. అదీ అందరూ విన్నారు.

జంగయ్య గిరుక్కున తిరిగాడు. "ఏందిరా? వాళ్లు ఆంధ్రోళ్లు."

"ప్లాటు అమ్మేటప్పుడు యాదికి రాలేదా?" అంది అనంతమ్మ.

జంగయ్య చేతిలో సాంబమూర్తి బయానా ఉంది. సాంబమూర్తి కూతురి ముఖం చూసి, గొడుగు మడిచి, వానలోనే నవ్వుతూ నిలబడ్డాడు.

సూర్యప్రభ ఒడ్డెక్కి అనంతమ్మ కాళ్లకు మొక్కింది. తర్వాత జంగయ్య కాళ్లకు. ఆయన తప్పించుకుందామని అటూ ఇటూ చూశాడు. కొన్నవాళ్లంతా చూస్తున్నారు. చేతిలోని నోట్లను జేబులో పెట్టుకుని, ఆమె తల మీద చెయ్యి వేశాడు.