మూడు ముళ్ళ పంచె

ఆ కొండ మీద సత్రంలో మొగుడున్న ఆడది గోడ వారన పడుకోకూడదట. పడుకుందా... నడిరేత్రి ఎవులో వచ్చి పక్కన సోటు సూసుకుంటారు. మెడ తడుముతారు. పుస్తెలున్నాయో నేదో సూస్తారు. అంతే, ఇంకేటీ సెయ్యరు. ఇంకేటి సెయ్యాలి, గుండాగిపోడానికి అది సాలదా?

ఇది పొందూరులో జరిగింది గాదు, రంగం దేశంలో, అదే బర్మాలో, జరిగింది. సెప్పినాది మాత్రం పొందూరు మనిషే, మా అలివేలుమంగ అత్త. జపానోడు బాంబులెయ్యక ముందర మా కూర్మనాథం మావ రంగంలో బియ్యం మిల్లు గుమస్తా. పెళ్ళైన కొత్తలోనే ఓడెక్కీసినాడు. అత్త ఇక్కడ రాట్నం తిప్పుకుంటూ ఏళ్ళ తరబడి ఎదురుసూసి, ఇంక నావల్ల గాదనీసి తనే ఎల్లిపోయినాది.

మావ ఓడెక్కిన నాడు అత్త ఒక పంచె ఇచ్చినాది. తన సేత్తో వడికిన నూలే, దగ్గరుండి నేయించినాది. దాని కొస మూలన పోగులు కలిపి మూడు ముళ్ళేసినాది. "నా మెడలో నువ్వేసినావు, నీ పంచెకి నానేసినాను. ఇంక ఏ ఆడదీ నిన్ను లాక్కుపోనేదు బావా" అన్నాదట.

తీరా రంగం ఎల్లి సూస్తే పంచె నేదు. "ఓడలో ఎవడో కొట్టీసినాడే మంగా" అన్నాడు మావ.

అత్త నమ్ముద్దా? మా అత్త సంగతి మీకు తెలీదు. మావ ఎదురింటి ముసల్దాన్ని పలకరించినా ఆ పూట అన్నం ఎట్టదు. అక్కడ మనోళ్ళలో కొందరికి బర్మా సంసారాలున్నాయని విన్న కాడ నుంచి మావ ట్రంకు పెట్టె ఎతకని రోజు నేదు. ఏటీ దొరకనేదు. దొరకనేదని ఇంకా మంట.

ఆ సలికాలం, రంగంలో బట్టల కొట్టెట్టుకున్న నరసన్నపేట షావుకారు ధర్మారావు, ఆయన పెళ్ళాం పద్మకుమారి కలిసి, "బంగారు గుండు కొండెక్కుదాం రండి" అన్నారు. కొండంచున ఇప్పుడో ఇంకాసేపటికో దొర్లిపోతాదన్నట్టు ఒక పెద్ద గుండు. బర్మావోళ్ళకి అది దేవుడు. దానికి బంగారు రేకులద్ది మొక్కుతారు. మొగోళ్ళే అద్దాలి, ఆడోళ్ళు గుండు కాడికి ఎల్లకూడదు.

మావ రానన్నాడు. కాళ్ళు నొప్పులన్నాడు, మిల్లోళ్ళు సెలవియ్యరన్నాడు.

"నాతో రాడానికేనా నొప్పులు?" అని అత్త ఇల్లు పీకి పందిరేసినాది. అప్పుడు కదిలినాడు. కొండ కిందున్న ఊరు దాటీటప్పుడు తల దించుకుని, ఎవులైనా పిలుస్తారేమోనన్నట్టు గబగబా నడిసీసినాడట.

సందేళకి సత్రం సేరినారు. మావ గడప కూడా తొక్కనేదు. ధర్మారావుతో అట్నుంచటే గుండు కాడికి ఎల్లిపోయినాడు. మొగోళ్ళు తెల్లారితే గానీ దిగరు.

సత్రం ఊడిసే ముసల్ది బర్మా మాటల్లో ఏటో గొణిగినాది. పద్మకుమారికి ఆ మాట వచ్చు. ఇని, సాప ఈడ్సుకుని గది నడిమికి వచ్చీసినాది.

"గోడ వారన వద్దు అలివేలూ... ఎవులో వస్తాదట. నిరుటి నుంచీనట."

"రమ్మను, నానూ సూస్తాను" అనీసి అత్త పంతానికి గోడ వారనే పడుకున్నాది.

దీపం కొండెక్కినాది. బయట గాలి. ఎదురు బద్దల నేల కిర్రుమన్నాది... ఆగినాది... మళ్ళీ కిర్రుమన్నాది.

పక్కన ఎవులో ఒరిగినారు. పద్మకుమారికి బయమేసి వచ్చినాదనుకుని, పాపం అత్త జరిగి సోటిచ్చినాది.

మెడ మీద సల్లగా ఏళ్ళు... పుస్తెల కాడికి వచ్చి ఆగినాయి.

"పద్మా..." అన్నాది అత్త.

గది నడిమి నుంచి పద్మకుమారి గురక ఇనిపించినాది.

అత్త సెయ్యి ఇసిరినాది. బట్ట తగిలినాది. మెత్తగా, గాలంత పలసగా... ఆ నూలు తెలీదా తనకి? అత్త ఏళ్ళు కొస మూలకి జారినాయి. ఒక ముడి... ఇంకో ముడి... మూడో ముడి.

అంతే, బయం ఎటు పోయినాదో పోయినాది.

"ఒలే! నా మొగుడి పంచె నీకెందుకే!" అని ఒక్క గుంజు గుంజినాది. పర్రుమన్నాది. మూల ముక్క సేతిలో మిగిలినాది.

పద్మకుమారి లేసి దీపం ఎలిగించినాది. ఎవులూ నేరు.

"అలివేలూ... దెయ్యమే..."

"దెయ్యం గాదు, నా సవితి! నా వాసన పట్టి ఇంతదూరం వచ్చినాది. తెల్లారనీ, ఇద్దర్నీ కడిగీస్తాను."

తెల్లారినాది. మావ మెట్లు దిగతన్నాడు. అత్త ఎదురెల్లి ఆ ముక్క మొకాన కొట్టినాది.

"ఎక్కడ దాసినావు దాన్ని?"

మావ ముక్క తీసి సూసినాడు. ముళ్ళు తడిమినాడు. దారి మీదే కూలబడిపోయినాడు.

"మంగా... దీన్ని నానే కప్పినాను."

"ఎవులికి?"

"ఈ కొండ కిందూరి మనిషికి. నువ్వొస్తన్నావని తెలిసి, నాను దాన్ని ఒగ్గీకుండా సూడమని మొక్కుకోడానికి ఈ కొండెక్కినాది. జొరంతో ఈ సత్రంలోనే పోయినాది. నిరుడు... మట్టెయ్యక ముందర కప్పినాను."

అనీసి ఆ ముక్క కళ్ళకద్దుకుని ఎక్కెక్కి ఏడిసినాడు.

"బయమెయ్యనేదా అత్తా?" అన్నాను, ఇదంతా ఇని.

అత్త రాట్నం ఆపినాది. "బయమా? నన్నిక్కడ ఒగ్గి ఓడెక్కిన నాడు మీ మావ కంట్లో సుక్క నీరు రానేదు. దానికోసం అలా ఏడిసినాడు. బతికున్న సవితైతే జుట్టట్టుకుని ఈడ్సీద్దును. సచ్చినదాన్ని ఏటి సెయ్యను సెప్పు?"

ఆ కొండ దిగినప్పట్నుంచీ రోజూ పడుకునే ముందర అత్త తన కొంగూ మావ పంచె కొసా కలిపి మూడు ముళ్ళేస్తాది. పొద్దున లేసీసరికి ముళ్ళు ఇప్పేసి ఉంటాయి.

"మావే ఇప్పుతన్నాడేమో అత్తా..."

"మావే ఇప్పనీ, అదే వచ్చి ఇప్పనీ... నాకు మంట ఒకటే" అన్నాది.